అందరూ అరటిపండ్లే

తెలుగునాట పిల్లల ఆటలలో అరటిపండు అనే పదవి ఒకటున్నది. అన్న వెంట వచ్చిన చిన్నవాడు తానూ ఆడతానని పేచీ పెడితే, పెద్దపిల్లలు వాడిని 'ఆటలో అరటిపండు'గా చేర్చుకొంటారు. వాడు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, కేకలు వేయవచ్చు. పట్టుబడినా దొంగ కాడు. ఓడినా ఓటమి వాడి ఖాతాలో పడదు. పెద్దవారమైన తరువాత మనము ఈ మాటను ఎవరూ లక్ష్యపెట్టని మనిషిని ఎగతాళి చేయడానికి వాడుతున్నాము. కాని మాట పుట్టిన చోట అది ఎగతాళి కాదు. పసివాడికి ఆటలో చోటున్నది, లెక్కలో మాత్రం లేదు అని పిల్లలే చేసికొన్న ఒక చక్కని ఏర్పాటు.

మిత్రులారా, నేను ఈ వేళ చెప్పదలచినది ఈ ఏర్పాటును గురించియే. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ, ఎండకాలమైనా సరే, ఇటువంటి లెక్క పెట్టని ఆట వారానికి రెండు గంటలైనా దక్కాలి. మా మార్కాపురం, గిద్దలూరు సీమలో అందుకు ముందుగా కావలసినది మైదానం కాదు; నాలుగు నెలల పాటు తలపై ఒక కప్పు.

కప్పు క్రింద ఆట అనే ఆలోచన నాకు అమెరికా వలన కలిగినది. మా అమ్మాయి కుటుంబం అక్కడ ఉత్తరాదిన, నెలల తరబడి మంచు కరగని ఊరిలో ఉంటున్నది. అక్కడకు వెళ్ళినప్పుడు జనవరి మాసంలో శనివారం శనివారం మనవడిని ఒక పెద్ద హాలుకు తీసికొని వెళ్ళేవారము. నాలుగేళ్ళ నుండి ఏడేళ్ళ వరకు పిల్లలు, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి, అక్కడ ఫుట్‌బాల్ ఆడుతారు. వారు దానిని సాకర్ అంటారు. వచ్చేవారిలో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. ఒక్కొక్క వైపు నలుగురు, గోల్‌కీపరు లేడు, గోళ్ళ లెక్క చూపే బోర్డు లేదు. బెల్లం చుట్టూ ఈగలు మూగినట్లు ఎనిమిది మందీ బంతి చుట్టూ మూగుతారు. ఒకడు నడుమ కూర్చుండి బూటుతాడు చూచుకొంటాడు. ఒక పిల్ల తన గోలులోకి తానే బంతి కొట్టి చప్పట్లు చరుస్తుంది, చూచేవారూ చరుస్తారు. నేర్పించే ఆయన ఎవరినీ మందలించడం నేను చూడలేదు. ఒకనాడు తిరిగి వస్తూ, "ఎవరు గెలిచారు నాన్నా?" అని మనవడిని అడిగినాను. "ఏమో తాతయ్యా, జ్యూసు ఇచ్చారు" అన్నాడు. ఆ జవాబు నాకు ఎంతో నచ్చినది.

ఇది ఆ ఒక్క ఊరి ముచ్చట కాదు. అమెరికా సాకర్ సమాఖ్య 2017 నుండి ఎనిమిదేళ్ళ లోపు వారికి నలుగురేసి జట్లనే, గోల్‌కీపరు లేకుండా, నియమంగా పెట్టినది. పదేళ్ళు, అంతకు లోపు పిల్లలు బంతిని తలతో కొట్టరాదని 2015లోనే ప్రకటించినది. నార్వే దేశంలో పిల్లల ఆటలకు 1987లోనే ప్రత్యేక నియమావళి ఏర్పడినది. పదకొండో ఏడు రాకముందు పిల్లల ఆటలలో ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండరాదని వారి కట్టుబాటు. మన వీధిపిల్లలు అరటిపండు అన్నదానినే వారు కాగితం మీద నియమంగా వ్రాసికొన్నారు. మనకేమో వీధి పోయినది, దానితో అరటిపండూ పోయినాడు.

కప్పు క్రింద పరుగుల ఆటలేమిటి, విడ్డూరం కాకపోతే, అనేవారికి ఒక సంగతి మనవి చేస్తాను. మా ప్రాంతంలో పల్లెపల్లెలో వాలీబాల్ ఆడుతారు; హైస్కూళ్ళలో బాస్కెట్‌బాల్ స్తంభాలు కనిపిస్తాయి. ఈ రెండు ఆటలూ చలిదేశంలో నాలుగు గోడల నడుమ పుట్టినవే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊరిలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో విద్యార్థులు ఊరక కూర్చోకుండా, వ్యాయామశాలలో పీచ్ పండ్ల బుట్టలు కట్టి బాస్కెట్‌బాల్ ఆడించినాడు. ఆ మొదటి ఆటకు వాడినది ఫుట్‌బాలే. 1895లో హోలియోక్ అనే ఊరిలో విలియం మోర్గన్ వాలీబాల్‌ను కల్పించినది కూడా వ్యాయామశాల కోసమే. ఇక ఫుట్‌బాల్‌ను అయిదుగురేసి ఆడే లోపలి ఆటగా మలచినవాడు యురుగ్వే దేశపు హువాన్ కార్లోస్ సెరియానీ. అది 1930 నాటి మాట. అదియే నేటి ఫుట్సాల్. మంచు కురిసినదని వారు ఆట మానలేదు. ఆటను ఇంట్లోకి తెచ్చుకొన్నారు.

మనకు మంచు లేదు. మా నల్లమల అంచు ఊళ్ళలో ధనుర్మాసపు చలి హాయిగానే ఉంటుంది. పిల్లలను బయట ఆడనీయకుండా కట్టివేసేది ఎండ. ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటడం మాకు వింత కాదు. మార్చి నడుమ నుండి ఒంటిపూట బడులు. ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండవ వారం దాకా సెలవులు. అనగా ఏడాదిలో పిల్లలకు తీరిక ఎక్కువగా దొరికే మూడు నెలలే వారు బయట కాలు పెట్టలేని మూడు నెలలు. వెనుకటి తరంలో ఆ మధ్యాహ్నాలను వామనగుంటలు, అచ్చనగాయలు, పులిజూదం కాపాడినవి. ఇప్పుడు సెల్‌ఫోన్ ఒక్కటే మిగిలినది. అరిటాకంత తెర ముందు ఆరేళ్ళవాడు మూడు గంటలు కదలక కూర్చుంటే, ఇల్లు ప్రశాంతంగా ఉన్నదని మనము సంతోషిస్తున్నాము.

మార్కాపురంవాడిగా ఈ విషయం నన్ను మరికొంత లోతుగా తాకుతుంది. మా ఊరి పేరు చెప్పగానే నా వయస్సువారికి పలక గుర్తుకు వస్తుంది. తెలుగునాట ఎన్ని వేల పిల్లలు మా పలకల మీద ఓనమాలు దిద్దినారో! ఆ పలక వెనుక మరియొక కథ ఉన్నది. 1987లో భారత ప్రభుత్వం బాలకార్మిక విధానాన్ని ప్రకటించి, మరుసటి ఏడు దేశం మొత్తంలో తొమ్మిది చోట్ల ప్రత్యేక పథకాలు మొదలుపెట్టినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజుల సరసన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఆ జాబితాలో చేరినది. ఆ దశకంలో నేను ఉద్యోగంలో చేరిన కొత్త. జుట్టులో, కనుబొమలలో బూడిదరంగు పొడితో బడికి వచ్చే పిల్లలకు పద్యాలు చెప్పినాను. కొందరు వచ్చేవారు, కొందరు రావడం మానివేసేవారు. ఇతర పిల్లలు అక్షరాలు దిద్దుకొనే పలకలు తయారుచేసే పిల్లలకు దిద్దుకొనే తీరికయే లేదు. ఆడుకొనే తీరిక మాట చెప్పనే అక్కరలేదు.

అటువంటి రోజులు చాలవరకు గడిచినవి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2016 నాటి చట్ట సవరణ దాదాపు అన్ని వృత్తులలో నిషేధించినది. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చి వ్రాతపలక వాడుకయూ తగ్గినది. కాని ఒక ప్రశ్న నన్ను వదలదు. షెడ్డులో పని నుండి విడిపించిన బాల్యాన్ని మనము ఎక్కడ కూర్చోబెట్టినాము? రెండంతస్తుల అద్దె భవనంలో నడిచే బడిలో, ఆ తరువాత ట్యూషన్‌లో, ఆ తరువాత ఫోన్ ముందు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను హక్కులుగా పేర్కొన్నది. 1992లో మన దేశం దానిని అంగీకరించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికి ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలన్నది. ఏప్రిల్ ఎండలో ఆటస్థలం ఉన్నా లేకున్నా ఒకటే గనుక, నేను కప్పు అడుగుతున్నాను.

ఆ కప్పును కొత్తగా కట్టనక్కరలేదు. ఒంటిపూట బడి ముగిసినాక, సెలవులలోను, బడుల హాళ్ళు తాళాలు వేసికొని ఉంటాయి. కళ్యాణమండపాలు ఉన్నవి; వేసవిలోనే పెళ్ళి ముహూర్తాలు దండిగా ఉంటాయి గనుక వాటిని పూర్తిగా నమ్ముకోలేము; ముహూర్తం లేని రోజులలో మాత్రం అడగవచ్చు. రేకుల షెడ్లు పనికిరావు. మధ్యాహ్నానికి అవి కుంపట్లవుతాయి. పాత పలకల షెడ్లు అసలే కూడదు. ఆ రాతిపొడి ఊపిరితిత్తులను తినివేస్తుంది. స్లాబు వేసిన, గాలి ఆడే, కిటికీలు పెద్దవైన హాలు కావాలి. అందులోనూ ఉదయం ఆరున్నర నుండి ఎనిమిది వరకే మేలు. గుడి మండపాలను నేను లెక్కలోకి తీసికోవడం లేదు; అవి బంతి తగలవలసిన చోట్లు కావు.

మిగిలిన సరంజామా స్వల్పమే. 58 నుండి 60 సెంటీమీటర్ల చుట్టుకొలత గల చిన్నపిల్లల బంతి, అంగడిలో మూడవ నంబరు అంటారు, నాలుగు చాలును. మా హాళ్ళన్నీ బండలు పరచినవి. కనుక బంతి ఎగరకుండా గాలి కాస్త తగ్గించాలి. ఫుట్సాల్ బంతిని తక్కువగా ఎగిరేటట్లు చేసేది నేలకు తగిన ఆట కొరకే. రబ్బరు అడుగు కాన్వాసు బూట్లు, అవి లేనివారికి ఒట్టి పాదాలు. మేజోళ్ళతో మాత్రం బండల మీద పరుగెత్తనీయరాదు. రెండు కుర్చీల నడుమ ఖాళీయే గోలు. ఒక కుండ నిండా మంచినీళ్ళు. మాది నీళ్ళు కొనుక్కొని త్రాగే సీమ, ఈ ఏర్పాటు మొట్టమొదట చేయాలి. పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి. ఆయనకు ఫుట్‌బాల్ రాకపోయినా ఫరవాలేదు. కేకలు వేయకుండా ఉండడం వస్తే చాలును.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పాలి. మా ఊళ్ళలో అయిదారు తరగతులకు వచ్చేసరికి ఆడపిల్ల మైదానం నుండి మాయమవుతుంది. నాలుగైదేళ్ళ వయస్సులో మగపిల్లలతో సమంగా బంతి తన్నిన పిల్లకు, ఆట తనది కూడా అన్న సంగతి కాలికి తెలిసి ఉంటుంది. తరువాత ఎవరైనా వద్దంటే, ఎందుకని అడుగుతుంది.

మన ఆటలు ఉండగా ఈ విదేశీ ఆట ఎందుకని భాషాభిమానులైన మిత్రులు అడగవచ్చు. తెలుగు పండితుడిని, ఆ అభిమానం నాకూ ఉన్నది. దాగుడుమూతలు, ఒప్పులకుప్ప కూడా అదే హాలులో ఆడించండి. నాకు అభ్యంతరం లేదు. కాని ఫుట్‌బాల్ మనకు పరాయిది కాదు. 1951, 1962 ఆసియా క్రీడలలో భారతజట్టుకు స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు బడిపంతులే. మా వలెనే వానకు ముఖం వాచిన అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారు పల్లెపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించినారు. పైగా ఒక బంతితో ఇరవై మంది పిల్లలకు చెమట పట్టించే ఆట ఇంతకంటె చవుకగా మరొకటి లేదు.

గెలుపోటములు లేకపోతే పట్టుదల ఎట్లా వస్తుందన్నది రెండవ ప్రశ్న. పోటీ వద్దని నేను అనడం లేదు. పన్నెండేళ్ళవాడికి అది కావాలి. తెలుగులో ఆట వేరు, పందెం వేరు. పసివాడికి ముందు ఆట రుచి తెలియాలి. రుచి తెలిసినవాడు పందేనికి తానే వస్తాడు. ఆరేళ్ళకే ఓడినవాడు, పక్కన కూర్చోబెట్టబడినవాడు, బంతి అంటేనే మొహం తిప్పుకొంటాడు. ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదిలో ఇదే చూచినాను. మొదటి తప్పుకే మార్కులు కోసిన పిల్లవాడికి పద్యం మీద ప్రేమ పుట్టలేదు. పలక గొప్పతనమంతా తడిగుడ్డతో చెరిగిపోవడంలోనే ఉన్నది. నిన్నటి తప్పు నేడు కనపడదు.

నాకు ఉన్న భయం ఒకటే. ఇటువంటిది మొదలయిన మరుసటి ఏటికి ఎవరో ఒకరు దానికి 'సమ్మర్ కోచింగ్ క్యాంపు' అని పేరు పెట్టి, ఫీజు పెట్టి, చివరి రోజున కప్పులు, మొదటి బహుమతి, రెండవ బహుమతి పెడతారు. వేదిక మీద ముఖ్య అతిథి, క్రింద ఏడుస్తున్న పిల్లలు. అప్పుడు అది ట్యూషన్‌కు మరొక పేరు అవుతుంది. బహుమతి ఇచ్చి తీరాలంటే అందరికీ ఒక్కొక్క అరటిపండు ఇవ్వండి. పేరుకు పేరూ దక్కుతుంది, ఆకలీ తీరుతుంది.

బడి కమిటీలలో ఉన్న మిత్రులు, ఉపాధ్యాయ మిత్రులు ఈ మార్చిలో తమ ఊరి హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో కనుగొని, పొద్దున గంటన్నర సేపు తెరిపించగలరేమో ఆలోచించండి. చలిదేశాలలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు అక్కడి హాళ్ళలో చిన్నపిల్లలను ఎట్లా ఆడిస్తున్నారో, దెబ్బలు తగలకుండా ఏ జాగ్రత్తలు తీసికొంటున్నారో తీరికగా వ్రాస్తే మా వంటివారికి ఉపయోగపడుతుంది. నావంతుగా, మా వీధి బడి హెడ్‌మాస్టరుగారిని తాళంచెవి అడిగినాను. ఆలోచించి చెబుతానన్నారు. మళ్ళీ అడుగుతాను.