మూడు నిమిషాలు ఆగమని చెప్పాల్సింది ఎవరు?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. మా ఏరియా సంగతి మీకు తెలియంది కాదు. ఇక్కడ ఏ పాఠమైనా చివరికి బిట్టు కావాల్సిందే. నా దగ్గర చదివినవాళ్లలో కొందరు ఇప్పుడు పైలట్ లైసెన్సు బాట పట్టారు. ఈమధ్య వాళ్లలో ఒకడు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్ష నోట్సు పట్టుకుని వచ్చాడు. అందులో ఎర్ర ఇంకుతో గీత గీసిన వరుస ఒకటి: "మీడియం వెనక లైట్, ల్యాండింగ్ - 3 నిమిషాలు." మూడే ఎందుకురా అని అడిగాను. "అది బిట్టు సార్, ప్రతిసారీ వస్తుంది" అన్నాడు.

మీడియం బరువు విమానం దిగాక, దాని వెనక దిగే తేలిక విమానం ఆగాల్సిన ఆ మూడు నిమిషాల గురించే ఈ ఉత్తరం.

ఎగిరే విమానం రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొస దగ్గర పైకి మళ్లి సుడి తిరుగుతుంది. రెండు కొసల నుంచి రెండు సుడులు విమానం వెనక బారుగా సాగుతాయి. దీన్నే వేక్ టర్బులెన్స్ అంటారు. విమానం ఎంత బరువైతే, ఎంత నెమ్మదిగా పోతే సుడి అంత బలంగా ఉంటుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు పక్కనుంచి దూసుకుపోతే స్కూటీ ఊగినట్టే ఇదీ అనుకుంటారు చాలామంది. కాదు. బస్సు గాలి బస్సుతోనే పోతుంది. ఈ సుడి మాత్రం విమానం కనుమరుగయ్యాక కూడా ఉంటుంది. నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి దిగుతుంది. నేల దగ్గరికి వచ్చాక పక్కకు జరుగుతుంది. పక్కనుంచి పిల్లగాలి వీస్తుంటే ఒక సుడి కదలకుండా రన్‌వే మీదే నిలబడిపోతుంది. ఈదురుగాలి దాన్ని చెదరగొడుతుంది కాబట్టి, ఆకు కదలని ప్రశాంతమైన ఉదయాన్నే ఎక్కువ భయపడాలి.

2017 జనవరి 7న అరేబియా సముద్రం మీద జరిగింది చూడండి. మాలే నుంచి బెర్లిన్ వెళ్తున్న చాలెంజర్ 604 ప్రైవేటు జెట్‌కు ఎదురుగా, దానికంటే వెయ్యి అడుగుల పైన ఒక ఎయిర్‌బస్ ఎ380 దాటిపోయింది. నిబంధన ప్రకారం ఉండాల్సిన ఎడం ఉంది. నిమిషం లోపే చిన్న జెట్ ఆ సుడిలో చిక్కి పల్టీలు కొట్టి దాదాపు 9,000 అడుగులు పడిపోయింది. ఎలాగో మస్కట్‌లో దింపారు. ఆ విమానం మళ్లీ ఎగరలేదు. అది ఇరవై టన్నుల జెట్. మన పిల్లలు నేర్చుకునే సెస్నా 152 నిండా ఇంధనంతో, ఇద్దరు మనుషులతో కలిపి 757 కిలోలు.

ఇక నా అసలు అభ్యంతరం. వీఎఫ్ఆర్ కింద, అంటే కంటిచూపు మీద ఆధారపడి వచ్చి దిగే చిన్న విమానానికి ఈ ఎడం లెక్కగట్టి ఇవ్వాల్సిన బాధ్యత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ మీద లేదు. "కాషన్, వేక్ టర్బులెన్స్" అని హెచ్చరిస్తే చాలు. మిగతాది పైలట్ చూసుకోవాలి. నిబంధనలో తప్పు లేదు. ముందు విమానం ఎక్కడ నేలను తాకిందో చూసి, దాని దారికంటే పైగా వచ్చి, ఆ చోటు దాటాక దిగగలిగేది పైలటే. కాకపోతే ఆ పైలట్ ఇరవై ఏళ్ల విద్యార్థి. కనిపించని దాన్ని తప్పించుకోవాల్సిన వాడికి మనం నేర్పింది ఒక బిట్టు.

2008 మార్చి దాకా బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్బు విమానాలూ ప్రయాణికుల జెట్లూ ఒకే రన్‌వేను పంచుకునేవి. శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక చాలావరకు ఎవరి దారి వాళ్లదైంది. మాకు దగ్గర్లో, సాగర్ రోడ్డు మీద గుర్రంగూడ దాటాక నాదర్‌గుల్‌లో ఉన్న చిన్న రన్‌వే శిక్షణ కోసం వాడినదే. ఇప్పుడు మళ్లీ కలుపుతున్నాం. 2022లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫ్లయింగ్ స్కూళ్లకు చోటిచ్చిన విమానాశ్రయాల్లో కడప ఒకటి. అక్కడికి ఏటీఆర్ 72లు వస్తాయి. బరువు సుమారు 23 టన్నులు. రేపు అక్కడికే 78 టన్నుల ఎ320 వచ్చినా కుర్రాడి నోట్సులో రెండూ "మీడియం" కిందే ఉంటాయి, ఎందుకంటే ఆ పాత వర్గం 7 టన్నుల నుంచి 136 టన్నుల దాకా సాగుతుంది. (2020లో అంతర్జాతీయ సంస్థ ఐకావో ఏడు గ్రూపుల కొత్త పద్ధతి తెచ్చింది. నోట్సుల దాకా అది ఎప్పుడు చేరుతుందో!)

2019లో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్‌లో, 2022లో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానాలు కూలి పిల్లలు పోయారు. వాటికి వేక్ కారణమని నేను అనడం లేదు. మన దగ్గర చిన్న విమానం నడిపేది ఎక్కువగా ఎవరో గుర్తు చేస్తున్నానంతే.

దేశానికి రాబోయే 15, 20 ఏళ్లలో 30 వేల మంది పైలట్లు కావాలని మీరే అన్నారు. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు కూడా ఇస్తోంది. ఆ ర్యాంకులో ఒక చిన్న లెక్క చేర్చించండి: ఇన్‌స్ట్రక్టర్ ప్రతి విద్యార్థినీ బోర్డు ముందు నిలబెట్టి, ముందు విమానం సుడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, గాలి ఇటు వీస్తే ఎటు పోతుందో గీయించాడా లేదా అని. అమెరికాలో నాసా 1976 నుంచి పైలట్లు రాసి పంపే అనుభవాలను పేర్లు తీసేసి అందరికీ చదవనిస్తోంది. కడపలో ఒక సెస్నా ఏటీఆర్ వెనక ఊగిపోతే ఆ సంగతి పక్క స్కూలు విద్యార్థి కూడా చదవగలగాలి. రాసినవాడికి శిక్ష ఉండకూడదు, లేకపోతే ఎవరూ రాయరు. ఫ్లయింగ్ స్కూలూ ప్రయాణికుల సర్వీసూ కలిసి ఉన్న ప్రతి విమానాశ్రయంలో, వీఎఫ్ఆర్ శిక్షణ విమానానికి కూడా ఆ మూడు నిమిషాలు కంట్రోలరే ఇవ్వాలని డీజీసీఏతో ఒక సర్క్యులర్ జారీ చేయించండి. అదనపు ఇంధనం ఒకటి రెండు చక్కర్లకు సరిపడా ఖర్చవుతుంది. ఫీజు కట్టే తల్లిదండ్రులు దానికి గొణగరని నా నమ్మకం.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్