నవ్వు టిక్కెట్టులో లేదు

విమానం ఎక్కి దిగినవాళ్లని “ప్రయాణం ఎలా జరిగిందండీ?” అని అడిగి చూడండి. మబ్బుల సంగతి చెప్పరు. విశాఖపట్నం దగ్గర కిందికి దిగుతుంటే కనిపించే సముద్రం సంగతీ చెప్పరు. రాత్రంతా బస్సులో నడుం విరిగేలా కూర్చుంటే గానీ తరగని దూరం గంటంబావులో తరిగిపోయిందన్న ఆశ్చర్యమూ ఉండదు. “అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ ఎయిర్ హోస్టెస్ మొహాన చిరునవ్వన్నది లేదండీ! మూతి ముడుచుకుని తిరిగింది” అంటారు. పక్కనున్నవాళ్లు వెంటనే అందుకుంటారు. “ఆ రోజులే వేరు! పళ్లెంలో చాక్లెట్లు తెచ్చేవాళ్లు, చెవుల్లో పెట్టుకోడానికి దూది ఇచ్చేవాళ్లు, భోజనం పెట్టేవాళ్లు. ఇప్పుడేముందీ, అన్నీ కొనుక్కోడమే!”

మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే విమానాల్లో సేవ నాసిగా ఉందంటే నేను కాదనను. నా పేచీ అల్లా ఏది సేవ, ఏది కాదు అన్న లెక్క దగ్గరే. మనం లేదని కోప్పడుతున్నది ఒకటి, నిజంగా లేనిది ఇంకొకటి.

ఒకసారి టిక్కెట్టు తీసి చూడండి. అసలు ఛార్జీ, విమానాశ్రయం రుసుము, పన్ను అన్నీ విడివిడిగా వేసి ఉంటాయి. కిటికీ పక్కన కూర్చోవాలంటే చాలా కంపెనీలు దానికి వేరే డబ్బు తీసుకుంటాయి. ఇన్ని పద్దుల్లో నవ్వుకి ఇంత అన్న పద్దు ఎక్కడైనా ఉందా? మరి, పాత బాకీలా దాన్ని వసూలు చెయ్యబోతామెందుకు? అదే విమానంలో మగపిల్లలూ పనిచేస్తారు. అదే బండి తోస్తారు, అవే తినుబండారాలు అమ్ముతారు. “ఆ అబ్బాయి ఒక్కసారైనా నవ్వలేదండీ” అని ఇంటికొచ్చి వాపోయినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. ఇక పైలట్ మొహం మనకి కనపడనే కనపడదు. ఆయన లోపల చిరచిరలాడుతూ నడిపినా మనకేం అభ్యంతరం లేదు, క్షేమంగా దింపితే చాలు. ఆ న్యాయం ఈ పిల్ల దగ్గరికొచ్చేసరికి ఏమైపోయిందీ?

నిజానికి ఈ నవ్వుల బేరం మొదలుపెట్టింది మనం కాదు, విమాన కంపెనీలు. 1930లో అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే ఆవిడ మొట్టమొదటి ఎయిర్ హోస్టెస్‌గా చేరింది. ఆవిడ నర్సు. ఆవిడతోపాటు చేరిన తొలి జట్టు అంతా నర్సులే. గాల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే చూసే మనిషి ఉండాలి, భయపడేవాళ్లకి ధైర్యం చెప్పాలి అన్నది అప్పటి ఉద్దేశం. బాగానే ఉంది. కానీ ఆ కంపెనీయే ఆ నర్సుకి పెళ్లి కాకూడదంది, వయసు ఇంతకు మించకూడదంది, బరువు ఇంతకు పెరగకూడదంది. రోగికి మందిచ్చే చేతికి మెడలో తాళి ఉంటే ఏం అడ్డం? దీనికి జవాబు తరవాత వచ్చిన ప్రకటనల్లో దొరుకుతుంది. రెక్కల బలం చూసి విమానం ఎక్కమనలేదు, ఎయిర్ హోస్టెస్ చిరునవ్వు చూసి ఎక్కమన్నారు.

మన దేశం మాత్రం తక్కువ తిందా? ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్‌కి మామూలుగా 35 ఏళ్లకే రిటైర్మెంటు. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోయేది. మొదటిసారి కడుపుతో ఉంటే అప్పుడూ పోయేది. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్లు మాత్రం 58 ఏళ్లదాకా నిశ్చింతగా ఉండొచ్చు! నర్గేష్ మీర్జా అనే ఎయిర్ హోస్టెస్, తోటివాళ్లతో కలిసి కోర్టుకెక్కింది. 1981లో సుప్రీంకోర్టు, గర్భం వచ్చిందని ఉద్యోగం ఊడబీకే నిబంధనను కొట్టేసింది. నాలుగేళ్లలోపు పెళ్లి కూడదన్న షరతులో మాత్రం తప్పేమీ లేదంది. ఆ షరతులు పోవడానికి ఆడవాళ్లు ఇంకా చాలాకాలం పోరాడవలసి వచ్చింది. అవి పోయాకైనా కథ ముగిసిందా? 2009లో ఆ సంస్థే, బరువెక్కువయ్యారని కొందరిని ఉద్యోగాల్లోంచి తీసేసింది.

అంటే ఏమిటన్నమాట? మనిషిని పెట్టుకుని బొమ్మలా ఉండమన్నారు. ఇప్పుడా బొమ్మ నవ్వలేదని మనం దెబ్బలాడుతున్నాం.

అసలు ఆవిడ పనేమిటో చూద్దాం. సుమారుగా యాభై సీట్లకి ఒక మనిషి ఉండాలన్నది లెక్క. నూట ఎనభై సీట్ల విమానంలో నలుగురుంటారు. ఆ నలుగురూ ఉన్నది మనకి టీ పోయడానికని మనం అనుకుంటాం. టీ కోసమే అయితే ఇంతమంది ఉండి తీరాలని ప్రభుత్వం రూలు పెట్టదు గదా! కొత్త రకం పెద్ద విమానానికి అనుమతి రావాలంటే, సగం తలుపులు మూసి ఉన్నా సరే లోపలి వాళ్లంతా 90 సెకన్లలో బయటికి రాగలరని నిరూపించాలి. ఆ 90 సెకన్ల కోసమే ఆ నలుగురూ శిక్షణ పొందుతారు. మంటలార్పడం, ఊపిరాడనివాళ్లకి ప్రాణం నిలపడం, తలుపు తెరవడం, బెదిరిపోయినవాళ్లని అదిలించి బయటికి గెంటడం... ఇదీ చదువు. టీ దాని పక్కన చేరిన చిల్లర పని.

2024 జనవరి 2న టోక్యోలో ఒక విమానం దిగుతూనే, దారిలో ఉన్న చిన్న విమానాన్ని ఢీకొని అంటుకుంది. ఆ చిన్న విమానంలో అయిదుగురు పోయారు పాపం. పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. అదీ మన హైదరాబాదు-విశాఖ లాగా దేశంలోపల తిరిగే విమానమే, సపోరో నుంచి వస్తోంది. ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి. లోపల మైకు పనిచెయ్యలేదు. సిబ్బంది గొంతు చించుకుని అరుస్తూ దారి చూపించారు. ప్రయాణికులు పైన పెట్టుకున్న పెట్టెలు ముట్టుకోకుండా చెప్పినమాట విన్నారు. 379 మందీ బతికి బయటపడ్డారు. ఆ రాత్రి వాళ్లు నవ్వారా లేదా అని ఎవరైనా అడిగారా?

మన నీరజా భానోత్ సంగతి తెలియనివారుండరు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో సాయుధులు విమానాన్ని పట్టుకున్నప్పుడు, ప్రయాణికుల్ని కాపాడబోయి ప్రాణం వదిలింది. ఇరవై మూడేళ్లు ఇంకా నిండలేదు. దేశం ఆమెకి అశోకచక్ర ఇచ్చింది, చక్కగా నవ్వినందుకు కాదు.

ఇంతటి చదువు చదివిన మనిషి చేత కంపెనీలు ఏం చేయిస్తున్నాయి? దుకాణం పెట్టిస్తున్నాయి. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి, ఛార్జీ తగ్గిస్తాం, తిండి మీరే కొనుక్కోండి అంది. ఆ ఛార్జీ తగ్గబట్టే మనలాంటివాళ్లం విమానం ఎక్కాం. కాబట్టి పెసరట్టు పెట్టలేదని ఏడవడం న్యాయం కాదు. చాక్లెట్ల రోజుల్లో విమానం ఎక్కిందెవరు? పెద్ద ఉద్యోగస్తులూ డబ్బున్నవాళ్లూ. మనం కింద నిలబడి చేతులూపిన వాళ్లమే. ఆ రోజులు మనవి కానప్పుడు బెంగ దేనికి?

కానీ ఈ దుకాణం వేగం చూశారూ? గంట ప్రయాణంలో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బెల్టు కట్టుకుని కూర్చోవలసిన సమయం తీసేస్తే నలభై నిమిషాలు మిగుల్తాయి. నలుగురూ జంటలుగా రెండు బళ్లు తోసినా, నూట ఎనభై మందిలో మనిషికి అరనిమిషం కూడా రాదు. ఆ అరనిమిషంలోనే అమ్మాలి, చిల్లర ఇవ్వాలి, చెత్త ఏరాలి. దిగగానే చాలా చవక విమానాల్లో సీట్ల మధ్య చెత్త తీసేదీ వాళ్లే. అరగంటలో మళ్లీ గుమ్మంలో నిలబడి రెండో ఊరివాళ్లకి నమస్కారం పెట్టాలి. రోజుకి నాలుగు ఊళ్లు తిరిగిన మనిషి మొహంలో అలసట కనిపిస్తే దానికి మనం పెట్టిన పేరు, పొగరు!

ఇక నిజంగా కోప్పడవలసిన చోటు చెబుతాను. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చే విమానంలో, అత్యవసర ద్వారం పక్క వరసలో ఉన్న ఒకావిడని, ఇంగ్లీషూ హిందీ అర్థం కావని వేరే సీటుకి మార్చారు. ఆ తలుపు దగ్గర కూర్చున్నవాళ్లకి సూచనలు అర్థం కావాలన్న నియమం సరైనదే. కానీ బెజవాడలో బయల్దేరి హైదరాబాదులో దిగే విమానంలో ఆ సూచనలు తెలుగులో చెప్పే మనిషి లేకపోవడం ఎవరి లోపం? ఆవిడదా? అప్పటి తెలంగాణ మంత్రి కె.టి. రామారావు, ఇలాంటి దారుల్లో తెలుగు తెలిసిన సిబ్బందిని పెట్టండని కంపెనీని బహిరంగంగానే అడిగారు. మా అమ్మమ్మ వయసు ఆవిడ ఒక్కతే ప్రయాణం చేస్తోందనుకోండి. పొగ వస్తే ఎటు పరుగెత్తాలో ఆవిడకి తెలియదు. ఎందుకంటే తెలిసే భాషలో ఎవరూ చెప్పలేదు. నాసి సేవ అంటే ఇదీ! నవ్వు లేకపోతే మన అహం నొచ్చుకుంటుంది, ఇది లేకపోతే ప్రాణమే పోతుంది.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. తెలుగు ఊళ్ల మధ్య తిరిగే విమానంలో జాగ్రత్తలు తెలుగులో చెప్పమందాం. చంటిపిల్ల తల్లి గంట నొక్కితే, అమ్మకాలు ఆపి ముందు అటు రమ్మందాం. ఆ పిల్లలకి చాలినంత విశ్రాంతి ఇస్తున్నారా అని కంపెనీని నిలదీద్దాం. ఫిర్యాదు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 2016లో ప్రభుత్వం ఎయిర్‌సేవ అని ఒకటి పెట్టింది, అక్కడా చెప్పుకోవచ్చు. మీద పడి అరవడానికి దొరికింది గదా అని ఆ పిల్ల మీద అరవడం ఫిర్యాదు కాదు. చిటికెలేసి పిలవడం, “ఏయ్” అనడం, సెల్‌ఫోన్ ఎత్తి మొహంలోకి పెట్టి వీడియో తియ్యడం, చంటిపిల్ల తడిగుడ్డ ముందు సీటు జేబులో కుక్కి దిగిపోవడం... ఇవన్నీ డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నామన్న ధైర్యంతోనే. తిట్టినా, చెయ్యి చేసుకున్నా కొన్నాళ్లు విమానం ఎక్కనివ్వం అని 2017లో రూలు తేవలసి వచ్చిందంటే మన మర్యాద ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి.

ఒక్క మాట, మనలో మన మాట. ఈ నవ్వు పన్ను మనకి కొత్తా? తెల్లారుజామున లేచి పదిమందికి వండి వడ్డించిన కోడల్ని “అన్నీ బాగానే చేసింది గానీ మొహాన కళ లేదు” అన్న చుట్టాలు ఏ ఇంట్లో రాలేదు? ఆ మాట పడి వంటింట్లో కళ్లు తుడుచుకున్నవాళ్లమే, వెయ్యి చిల్లర టిక్కెట్టు కొనగానే చుట్టాలమైపోయి ఆ మాటే ఇంకో ఇంటి పిల్లని అంటున్నాం. గుంటూరు నుంచో కాకినాడ నుంచో వెళ్లి, ఫీజులు కట్టి శిక్షణ పొంది ఆ యూనిఫారం వేసుకున్న పిల్ల అది. వాళ్లమ్మ కూడా ఈ పత్రిక చదువుతూ ఉండొచ్చు.

ఈసారి విమానం ఎక్కినప్పుడు, ఆ పిల్ల రెండు చేతులూ చాపి తలుపులెక్కడున్నాయో చూపిస్తుంది. అప్పుడు మన అందరి కళ్లూ సెల్‌ఫోన్లలో ఉంటాయి. తల ఎత్తి, ఆమె చూపించిన వైపు చూడండి. మీ సీటుకి తలుపు ఎన్ని వరసల దూరంలో ఉందో లెక్కపెట్టుకోండి. మనం డబ్బిచ్చి కొన్న సేవ అదే.