నల్ల తెర హునర్



కరీంనగర్, ఆదిలాబాద్‌లలో చాలా ఘరానాల హిసాబ్ ఒక్కటే: కొడుకు పెద్దగైతే గల్ఫ్, బిడ్డ పెద్దగైతే షాదీ. వీసా కోసం అప్పు చేసే వాలిదైన్, అదే పిల్లలకు ఒక హునర్ నేర్పాలంటే మాత్రం సోంచాయిస్తరు. నా రాయ్ చెప్తా వినండి. ఇంట్లో మూలకు పడ్డ పాత కంప్యూటర్‌లో లినక్స్ వేయించి, సర్వర్ సంభాళించే పని నేర్పండి. కొడుక్కే కాదు, బిడ్డకు కూడా.

ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ముఫ్త్‌గా దొరుకుతుంది. దునియాలోని సర్వర్లలో ఎక్కువ భాగం దాని మీదే నడుస్తున్నయి. నల్ల తెర మీద హుకుం టైపు చేయడమే పని. పోయేవి హర్ఫులే కాబట్టి నెట్ కమ్‌జోర్‌గా ఉన్నా, ఆదిలాబాద్‌లో ఇంట్లో కూచొని 'ఎస్ఎస్‌హెచ్'తో దుబాయ్ సర్వర్‌ను చూసుకోవచ్చు. కరీంనగర్‌లో 2020లో తెరిచిన ఐటీ టవర్‌కు పంపడానికి కూడా జంకే ఇండ్లు ఈ మాట గౌర్ చేయాలె.

ఒక మిసాల్. సైట్ ఆగింది. ఘబ్రాయించి రీబూట్ చేయొద్దు. 'డిఎఫ్ -హెచ్' అంటే డిస్క్ నిండిందో లేదో తెలుస్తది. 'డియు -ఎస్‌హెచ్' అంటే ఏ ఫోల్డర్ మింగిందో తెలుస్తది. చాలాసార్లు గునెహ్‌గార్ లాగ్ ఫైలే. లాగ్ అంటే సర్వర్ రోజ్‌నామ్చా. 'టెయిల్ -ఎఫ్' పెడితే అది రాస్తున్నది రాస్తున్నట్టే కనబడుతది. ఏదో ప్రోగ్రాం తెరిచి పెట్టుకున్న ఫైల్‌ను తుడిచేసినా జాగా ఖాళీ కాదు, ఆ సర్వీస్‌ను మళ్లీ నడిపించాలె. రోజూ రాత్రి 2 గంటలకు 'ఆర్‌సింక్' ఇంకో మెషీన్‌లోకి నఖల్ తీసేటట్టు 'క్రాన్'కు అప్పజెప్పొచ్చు. కానీ ఆ నఖల్‌ను వెనక్కి తెచ్చి చూడందే భరోసా పెట్టుకోవద్దు.

"సర్టిఫికెట్ ఉంటే చాలదా?" అని కొందరి సవాల్. అర్ధరాత్రి సర్వర్ పడితే సర్టిఫికెట్ లేచి జవాబ్ చెప్పదు.

ఇంకో మాట, అసలు మాట. 'రూట్' ఇఖ్తియార్ ఉన్నోళ్లు అందరి ఫైళ్లూ తెరవగలరు. 'ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్' కొడితే మళ్లీ అడిగేది లేదు, తిరిగొచ్చేది లేదు. అందుకే రోజువారీ పనికి మామూలు ఖాతా, అవసరమైనప్పుడే 'సూడో'. పరాయి సొమ్ము అమానత్ అని పిల్లలకు చిన్నప్పటి నుంచి చెప్తం కదా, పరాయి ఫైలూ అమానతే. ఆ తర్బియత్ మన ఇండ్లల్ల ముందే ఉంది. మిగిలిన హుకుంలు ఇషా తర్వాత రోజుకో గంట కూచుంటే వస్తయి, ఇన్షా అల్లాహ్.