ఫ్రీ సినిమాకి నేను కట్టిన టిక్కెట్టు

దొంగ కాపీల మీద ఈ శీర్షికలో ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో మీకు తెలుసు. ఈ వారం అదే నోటితో ఓ నిజం ఒప్పుకోవాలి. నవ్వకండేం!

రెండేళ్ల కిందటి సంగతి. ఓ పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు. టిక్కెట్లు దొరకలేదు. తెల్లారేసరికి సమీక్ష ఇవ్వాలి. అర్ధరాత్రి ఓ మిత్రుడు లింకు పంపాడు. దించుకున్నాను. ఫైలు పేరు సినిమా పేరే, పక్కన బొమ్మా వీడియో బొమ్మే. నొక్కాను. టైటిల్స్ లేవు, హీరో ఎంట్రీ లేదు. కాసేపటికి విలన్ మాత్రం దిగాడు. "నీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం" అని తెర నిండా ఇంగ్లీషు ఉత్తరం!

కిడ్నాపు కథే. కాకపోతే ఎత్తుకుపోవడం ఉండదు. మన ఇంట్లో, మన వస్తువుకే తాళం. దీన్నే రాన్సమ్‌వేర్ అంటారు.

ఇంతకీ పోయిందేమిటంటారా? పాత సినిమాల్లో గుంపులో నిలబడ్డ ఓ పెద్దావిడ, మూడు మధ్యాహ్నాలు కూర్చుని చెప్పిన కబుర్లు. "జాగ్రత్తగా దాచుకో నాయనా, మళ్లీ చెప్పడానికి నేనుండను" అని నవ్వింది. అన్నట్టే వెళ్లిపోయింది. కంప్యూటర్ బాగుచేసే కుర్రాడు చూసి, "ఇంకో కాపీ ఉందా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డబ్బు కట్టలేదు. కట్టినా తాళంచెవి వస్తుందన్న పూచీ ఎవరిస్తారు?

మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' 1931లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ఒక్క ప్రింటూ లేదు. కాపీలు దాచుకోకపోతే అంతే!

ఈ విలన్ కొత్తవాడేం కాదు. 1989లోనే ఫ్లాపీల్లో పోస్టులో వచ్చి, పనామాలోని ఓ పోస్టుబాక్సుకి 189 డాలర్లు పంపమన్నాడు. 2017 మే 12న 'వాన్నాక్రై' పేరుతో దాదాపు 150 దేశాల్లో విరుచుకుపడ్డాడు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనే వదల్లేదు! చిత్రమేమిటంటే, దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. "అప్‌డేట్ చేయమంటారా?" అని అడిగితే "తర్వాత చూద్దాంలే" అన్నవాళ్లే దొరికిపోయారు.

కనుక మిత్రులారా, మూడు ముక్కలు. అప్‌డేట్ అడిగితే అప్పుడే చేయండి. సినిమా ఫైలు ఎంపీ4 అనో, ఎంకేవీ అనో ముగుస్తుంది. ఈఎక్స్ఈ అని ముగిస్తే అది సినిమా కాదు, ప్రోగ్రాము. విండోస్ మామూలుగా ఈ తోకని దాచేస్తుంది, సెట్టింగు మార్చి బయటికి లాగండి. మూడోది ముఖ్యం. ఫోటోలూ వీడియోలూ విడిగా ఓ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, వెంటనే వైరు పీకేసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

అయినా దెబ్బ తగిలిందా? ముందు ఇంటర్నెట్ తీసేయండి. 1930కి ఫోన్ చేయండి. కొన్ని రకాల తాళాలకి 'నో మోర్ రాన్సమ్' అనే చోట ఉచితంగానే చెవులు దొరుకుతాయి. నా తాళానికి దొరకలేదు.

పెద్దావిడ మాటలు గుర్తున్నంత మేరకు మళ్లీ రాసుకున్నాను. ఆ నవ్వు మాత్రం కాగితం మీదికి రాలేదు.

వచ్చే శుక్రవారం టిక్కెట్ల క్యూలో కనిపిస్తాను, పలకరించండి!