రేషన్ కోసే కోడ్ రాసేది మన పిల్లలే! కాలేజీల్లో న్యాయం కూడా నేర్పించాలి!

పెద్దేముల్ మండల రైతన్నలారా! కైకిలికి పోయే అక్కల్లారా! బండల గనుల్లో రెక్కలు ముక్కలు చేసుకునే అన్నల్లారా! పట్నంలో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

రేషన్ షాపు ముందు లైన్లో నిలబడని ఇల్లు మన మండలంలో ఉందా? వేలు పెట్టమంటారు. పెడితే పడదు. తుడిచి పెట్టమంటారు. కొంగుకు తుడిచి పెట్టినా పడదు! తాండూరు బండలు ఎత్తీ ఎత్తీ గీతలు అరిగిపోయిన మన అక్క వేలు అది. వెనకున్నోళ్లు తొందర పెడతారు. ఆమె తలొంచుకుని పక్కకు జరుగుతుంది. తప్పు ఆమెదా? కష్టం చేసే చెయ్యి ఎట్లా ఉంటుందో తెలియకుండా మిషన్ తయారు చేసినోళ్లది కాదా?

ఆ తయారు చేసేవాళ్లు ఎక్కడినుంచో ఊడిపడలేదు. రేపు ఆ పని చేయబోయేది మన ఇంటి పిల్లలే! కంది అమ్మిన పైసలతో, అప్పు తెచ్చిన పైసలతో మనం చదివిస్తున్న పిల్లలే! ఇయ్యాల మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ బ్రాంచీలవే. వాళ్లకు కోడ్ రాయడం నేర్పుతున్నారు. ఆ కోడ్ ఎవరి కంచం లాగేస్తుందో చూడమని నేర్పుతున్నారా?

మన రాష్ట్రంలో 2014 నుంచి 2019 దాకా 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దు చేశారు. నోటీసు లేదు, ఇంటికొచ్చి అడిగింది లేదు! ఈ ఏరివేతలో 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్‌ను కూడా వాడారు. కరెంటు బిల్లు, బండి రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను, అన్నీ ఒకచోట కలిపి ఎవరు పేదో ఎవరు కాదో అది చెబుతుందట. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనను అది కారు ఓనరని చూపించింది. పేరు కాస్త కలిసిన ఇంకెవరిదో ఆ కారు! ఆ ఇంటికి బియ్యం బందు. కారు ఏదీ, చూపించండని అడుగుదామంటే అడిగేది ఎవరిని? డీలర్ ఆఫీసుకు పొమ్మంటాడు, ఆఫీసులో కంప్యూటర్‌లో అట్లనే ఉందంటారు!

ఈ రద్దుల మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది: రద్దు చేసిన కార్డులను క్షేత్రంలోకి పోయి మళ్లీ పరిశీలించండి! ఆ జులై నాటికి 2,05,734 దరఖాస్తులు చూస్తే 15,471 మంది అర్హులని తేలింది. అంటే అన్ని ఇళ్ల నోటికాడి బువ్వ అన్యాయంగా లాగేసినట్టే కదా? ఆ ఏండ్ల ఆకలికి లెక్క ఎవరు కడతారు?

ఇంటర్ ఫలితాలు మరిచారా? 2019 ఏప్రిల్. బాగా చదివే ఒక బిడ్డకు తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99! పేపరు దిద్దినచోట బబుల్ తప్పు పడింది, నిజమే. మరి అన్నిట్లో మంచి మార్కులున్న పిల్లకు ఒక్కదాంట్లో సున్నా పడితే, 'ఆగు, ఇది మళ్లీ చూడు' అని చెప్పే నాలుగు లైన్ల కోడ్ ఎందుకు లేదు? ఫలితాలొచ్చిన కొద్ది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లులు మన తల్లుల్లాంటోళ్లే!

భూముల రికార్డుల ధరణి పోర్టల్ సంగతి మనకు ఒకరు చెప్పాలా? 2020 అక్టోబర్ 29న మొదలైంది. పేరు తప్పు పడింది, సర్వే నంబరు నిషేధిత జాబితాలో పడింది, విస్తీర్ణం తగ్గింది. దిద్దుకుందామంటే మొదట్లో చాలావాటికి అందులో దారే పెట్టలేదు! రెవెన్యూ కోర్టులూ ఎత్తేశారు. సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం కంది చేను ఉన్నోడు వకీలుకు ఫీజు ఎక్కడ తెచ్చిపెడతాడు? 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. నడుమ పోయిన రైతుబంధు, పోయిన నిద్ర ఎవరిస్తారు? తప్పు జరిగితే మొర పెట్టుకునే దారి ఉండాలన్నది సాఫ్ట్‌వేర్ చదువులో మొదటి పాఠం కావాలి!

ఇక కోడ్ నడవడానికి పట్టే నీళ్లు, కరెంటు సంగతి. ఫోన్లో దాచే ప్రతి ఫొటో, ప్రతి లెక్కా ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఉంటుంది. ఎక్కడో ఏంటి, షాబాద్ మండలం చందన్‌వెల్లిలోనే అమెజాన్ డేటా సెంటర్ ఉంది! విశాఖలో గూగుల్ ఒక గిగావాట్ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు! రాత్రీ పగలూ నడిచే ఆ మిషన్లకు కరెంటు కావాలి, చల్లబరచడానికి చాలాచోట్ల నీళ్లు కావాలి. మన కరెంటు ఎక్కువగా బొగ్గు కాలిస్తే వచ్చేదే. మూసీ పుట్టిన అనంతగిరి మన జిల్లాదే, అయినా ఎండాకాలం బోర్లు ఎండిన బాధ మనకు తెలుసు. తాండూరు సిమెంటు దుమ్ము, పాలిషింగ్ బురద కూడా తెలుసు. అడ్డగోలుగా రాసిన కోడ్ అక్కరలేని కరెంటు తాగుతుందని పిల్లలకు క్లాసులో ఎవరు చెబుతున్నారు?

కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ ఏం చేసిందో చూడండి! పొగ పరీక్ష పెడితే గుర్తుపట్టి తక్కువ విడిచే సాఫ్ట్‌వేర్‌ను కార్లలో పెట్టింది. రోడ్డెక్కితే విషం! ప్రపంచమంతా కోటీ 10 లక్షల కార్లు. 2015లో బయటపడింది. 2017లో అమెరికా కోర్టు అందులో ఒక ఇంజినీరుకు 40 నెలల జైలు వేసింది. పైవాళ్లు చెప్పారని చేసినా జైలు తప్పలేదు! మన బిడ్డకు ఆ గతి రావొద్దంటే, 'ఇది తప్పు సార్, నేను రాయను' అనే ధైర్యం కాలేజీలోనే రావాలి.

కాలేజీలో ఏముంది? జేఎన్‌టీయూ 2022లో పెట్టిన ఆర్-22 సిలబస్‌లో కంప్యూటర్ పిల్లలకు పర్యావరణ శాస్త్రం తప్పనిసరే. క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు, మాత్రం సున్నా! భారత రాజ్యాంగం పాఠానికీ సున్నా! సున్నా పెడితే ఏ పిల్లవాడు మనసు పెట్టి చదువుతాడు? పిల్లల్ని అనేది లేదు, పంతుళ్లనూ అనేది లేదు. విలువ లేదని పైనుంచే రాసి పెట్టారు!

అందుకే అడుగుదాం! నీతి, పర్యావరణం పాఠాలకు క్రెడిట్లు ఇవ్వాలి. అడవులూ నదులూ అని బట్టీ పట్టించడం కాదు, సమగ్ర వేదిక, ధరణి, ఇంటర్ ఫలితాలు పాఠాలు కావాలి. చివరి ఏడాది ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థీ రేషన్ షాపుకు, మీసేవకు, ఉపాధి హామీ పనికాడికి రావాలి. 2023 జనవరి నుంచి ఉపాధి పనికాడ ఫోన్లో రోజుకు రెండుసార్లు ఫొటో దిగితేనే హాజరు అని రూలు పెట్టారు. సిగ్నల్ లేని గుట్టకాడ ఆ యాప్ ఎట్లా పని చేస్తుందో వాళ్లు నిలబడి చూడాలి! తన ప్రాజెక్టు వల్ల ఎవరు నష్టపోతారో, తప్పయితే ఎవరికి చెప్పుకోవాలో, ఎంత కరెంటు ఖర్చవుతుందో రాస్తేనే మార్కులు వేయాలి!

ఇది పెద్ద చదువులోళ్ల ముచ్చట, మనకెందుకు అనొద్దు! ఫీజు కట్టేది మనం. దెబ్బ తినేదీ మనమే.

కాలేజీలో చేర్పించే రోజు ప్రిన్సిపాల్‌ను అడగండి: మా బిడ్డకు న్యాయం నేర్పే పాఠానికి ఎన్ని క్రెడిట్లు? వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టండి. జేఎన్‌టీయూకు, తెలంగాణ ఉన్నత విద్యామండలికి పంపే అర్జీ మీద సంతకం చేయండి. వేలిముద్ర అయినా సరే, ఈ కాగితం మీద అరిగిన వేలు కూడా పడుతుంది! తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సెలవులకు ఊరికొచ్చినప్పుడు అమ్మతో పాటు రేషన్ లైన్లో నిలబడండి. చూసింది రాయండి, మీ క్లాసులో చదివి వినిపించండి. చదివినోళ్లు ఈ కరపత్రాన్ని పక్కింటికి ఇవ్వండి. అర్జీ పట్టుకుని మీ వాడకట్టుకు వస్తున్నాం, తలుపు తీయండి!

ఇట్లు,
పెద్దేముల్ మండల రైతులు, కూలీలు, తల్లిదండ్రులు, విద్యార్థులు