పిల్లిపై మోపిన నేరము

పిల్లల గ్రంథాలయములనుండి పుస్తకములను తొలగింపవలెనను పట్టుదల అమెరికాలో క్రొత్తది కాదు. కాని ఇటీవలి సంవత్సరములలో అది ఒక ఉద్యమరూపము దాల్చినది. 2023లో 4,240 గ్రంథములపై అట్టి అభ్యంతరములు వచ్చినవని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్క తేల్చినది. అంతకు ముందు తరమున ఈ ఆగ్రహము మంత్రగత్తెల కథలపైనను తిరిగినది. ప్రసిద్ధ బాలసాహిత్య రచయిత్రి జిల్ఫా కీట్లీ స్నైడర్ (1927-2014) నవల 'ది హెడ్‌లెస్ క్యూపిడ్', 1990-99 దశకమున అత్యధికముగా అభ్యంతరములను ఎదుర్కొన్న నూరు పుస్తకములలో ఒకటి. క్షుద్రవిద్యలను పిల్లలకు నేర్పుననునదే ఇట్టి రచనలపై సాధారణముగా మోపబడు నేరము.

ఆమెయే రచించిన 'ది విచెస్ ఆఫ్ వర్మ్' చదివినవారికి ఈ భయము ఎంత గురి తప్పినదో తెలియగలదు. 1972లో వెలువడిన ఈ నవల మరుసటి యేట న్యూబెరీ గౌరవమును పొందినది.

కథానాయిక జెస్సికా పండ్రెండేండ్ల బాలిక. తండ్రి లేని ఇల్లు. తల్లి జాయ్ ఇంకను యౌవనమున ఉన్నది. పగలు ఉద్యోగము, సాయంకాలము స్నేహితులతో షికారు. చిన్ననాటి చెలికాడు బ్రాండన్ దూరమైనాడు. ఈ ఒంటరితనములో జెస్సికాకు ఒక గుహలో కన్ను తెరవని పిల్లికూన దొరకును. దానికి 'వర్మ్', అనగా పురుగు, అని పేరు పెట్టును. కొంతకాలమునకు ఆ పిల్లి తనతో మాటలాడుచున్నదనియు, దుష్కార్యములకు పురికొల్పుచున్నదనియు ఆమెకు తోచును. తల్లి దుస్తులు పాడగును. బ్రాండన్ బూర మేడపైనుండి క్రిందపడును. ఇంటిలో పిశాచము చేరినదని జెస్సికా నమ్మును.

పిల్లి నిజముగా పలికినదా? రచయిత్రి తేల్చి చెప్పదు. చదువరిని కలవరపెట్టునది ఇదియే. కాని ఒక్క విషయము గమనింపదగినది: పిల్లి కోరినదెల్ల జెస్సికా మనసులో అంతకుముందే ఉన్నది. అత్తమీది కోపము దుత్తమీద చూపుట లోకమున ఉన్నదే. ఇక్కడ ఆ కోపమునకు ఒక గొంతు వచ్చినది. ఆ గొంతు తనది కాదని బాలిక తప్పించుకొన్నది.

జెస్సికా చదువుచుండినది సేలం మంత్రగత్తెల విచారణల చరిత్ర. అది ఊరక చేర్చినది కాదు. 1692లో మసాచుసెట్స్‌లోని సేలం ప్రాంతమున కొందరు బాలికలు తమను మంత్రగత్తెలు పీడించుచున్నారని ఆరోపించిరి. పెద్దలు నమ్మిరి. పందొమ్మిదిమందిని ఉరితీసిరి. అభియోగములు చేసినవారిలో ముఖ్యురాలైన ఆన్ పుట్నం వయస్సు అప్పుడు జెస్సికా వయస్సే. 1706లో ఆమె సంఘము ఎదుట పశ్చాత్తాపము ప్రకటించినది. అయినను అది సైతాను కల్పించిన భ్రమయనియే చెప్పుకొన్నది. నేరము ఒప్పుకొను వేళకూడ బాధ్యత మరొకరిదే అయినది!

స్నైడర్ నవల ఈ ఘట్టమును దాటి ఒక అడుగు ముందుకు పోవును. దయ్యములను ఆహ్వానించువారము మనమే, వెళ్ళగొట్టవలసినవారమును మనమే అని పిల్లులను పెంచు ఒక వృద్ధురాలిచేత రచయిత్రి పలికించును. మంత్రవిద్యను బోధించు గ్రంథమా ఇది? మంత్రముపై నెపము వేయరాదని హెచ్చరించు గ్రంథము.

తమ బిడ్డ ఏది చదువవలెనో నిర్ణయించుకొను హక్కు తల్లిదండ్రులకు లేకపోలేదు. సున్నితమనస్కులైన పిల్లలకు ఈ నవల భయము గొల్పవచ్చును. అయితే ఎల్లవారి బిడ్డలకును దానిని అందకుండ చేయుట వేరు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. ఈ నవలలో నిజముగా భయంకరమైనది పిల్లి కాదు. సాయంకాలము తాళము తీసికొని ఒంటరిగా ప్రవేశించు ఆ ఇల్లు. పుస్తకమును నిందించుటలో పెద్దలకు ఒక సౌకర్యము ఉన్నది: ఆ ఇంటివైపు చూడనక్కరలేదు. జెస్సికా పిల్లిపై మోపిన నేరమును వారు అలమరపై మోపుచున్నారు. ఆమె పండ్రెండేండ్ల వయస్సున తన తప్పు తెలిసికొన్నది. అలమర ఖాళీయైనంత మాత్రమున ఆ ఇంటిలోని వెలితి తీరదని పెద్దలు తెలిసికొనవలసియున్నది.