చీర కట్టుకున్న నవ్వు

రంగారెడ్డి జిల్లాలోని మా కందుకూరు మండలంలో ఏ ఊరికైనా వెళ్లి, నాట్లేసే మడి గట్టున కాసేపు నిలబడి వినండి. కూలీల్లో అందర్నీ నవ్వించే మనిషి ఒకరుంటారు. చాలాసార్లు ఆమె ఆడమనిషే. సర్పంచి నడక, సంఘం మీటింగులో అప్పు కట్టనామె సాకులు, తన సొంత మొగుడి గురక, అన్నీ వరసపెట్టి చేసి చూపిస్తుంది. నడుం నొప్పి మరిచిపోయి మడి మడంతా నవ్వుతుంది. రాత్రి ఇంటికొచ్చి టీవీ పెడితే లెక్క తిరగబడుతుంది. అక్కడ నవ్వించే పని మగవాళ్లది. కథకు ఆడమనిషి కావాల్సి వచ్చినా చాలాకాలం మగవాడికే చీర కట్టారు.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది. తెలుగు టీవీ హాస్యానికి అదొక మలుపు. ఏ అండా లేని ఎందరో కుర్రాళ్లకు అన్నం పెట్టిన కార్యక్రమం, కాదనలేం. జడ్జి కుర్చీలో నాగబాబు పక్కన రోజా కూర్చున్నారు. యాంకర్‌గా మొదట అనసూయ, తర్వాత రష్మి వచ్చారు. అంటే నవ్వడానికి, మార్కులేయడానికి, టీములను పిలవడానికి ఆడవాళ్లున్నారు. నవ్వించడానికే లేరు. తొలి ఏళ్లలో స్కిట్‌లో పెళ్లామైనా, అత్తయినా, పక్కింటామె అయినా ఎక్కువగా లేడీ గెటప్పే. వర్ష, ఫైమా, సత్యశ్రీ, రోహిణి లాంటి వాళ్లు అక్కడ జెండా పాతడానికి ఏళ్లు పట్టింది.

మగవాడు ఆడవేషం కట్టడం మనకు కొత్త కాదు, తప్పు అసలే కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తుంటే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మదీ అదే తపస్సు. ఆడదాని నడకను, అలకను, అభిమానాన్ని పట్టుకోవడానికి వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేశారు. టీవీ స్కిట్‌కు అంత ఓపిక లేదు. మగవాడు చీర కట్టుకుని రాగానే జనం నవ్వాలి. ఆ తర్వాత ఆమె లావు మీద, రంగు మీద, పళ్ల మీద పంచ్ పడాలి. చెంపదెబ్బలు, రెండర్థాల మాటలు ఆడవాళ్లతో ఎట్లా చేయిస్తాం అని ఒక వాదన వినిపించేది. ఆడవాళ్ల ముందు అనలేని మాటను ఆడవేషం ముందు మాత్రం ఎందుకు అనాలి? ఆ వేషాలు కట్టిన కళాకారులను నేను తప్పుపట్టను. తెరమీద పడ్డ మాటలు చాలక బయట బజార్లోనూ వెక్కిరింపులు పడ్డవాళ్లు వాళ్లు.

ఆడవాళ్లు దొరకరనే మాట మాత్రం మన నేలమీద చెల్లదు. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో ఆడపాత్రలు ఆడవాళ్లే వేశారు, అవసరమైతే మగపాత్రలు కూడా. ఇందూరు వైపు చిందు ఎల్లమ్మ ఊరూరా చిందు యక్షగానం ఆడింది. మగవేషం కట్టి నిలబడితే జనం ఔరా అన్నారు. 2005లో ఆమె కన్నుమూసేనాటికి మన ఇళ్లలో టీవీలు నిండిపోయాయి. ఆమె లాంటి మనిషికి మాత్రం ఆ టీవీలో చోటు కనపడలేదు.

సినిమా ఈ విషయంలో కొంత నయం. సూర్యకాంతం నుంచి రమాప్రభ దాకా ఒక వరస ఉంది. జంధ్యాల అయితే శ్రీలక్ష్మికి పాత్రలు రాశారు. నేను నొక్కి చెప్పేది ఆ రాయడం గురించే. 1986 నాటి చంటబ్బాయ్‌లో పత్రికాఫీసును హడలెత్తించిన కవయిత్రి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె ఒళ్లు చూసి కాదు, ఆమెకు తన కవిత్వం మీదున్న మొండి నమ్మకం చూసి. తెలంగాణ శకుంతల సంగతి ఇంకో తీరు. మహారాష్ట్రలో పుట్టిన మరాఠీ మనిషి, మా భూమితో సినిమాల్లోకొచ్చి మన యాసను ఇంటిపేరు చేసుకుంది. 2014 జూన్‌లో పోయేదాకా ఆమె గొంతు లేస్తే థియేటర్ లేచేది. సినిమా ఆ గొంతుకు ఎక్కువగా ఇచ్చింది అరుపులు, గొడ్డలి చూపులు మాత్రమే. యాస అంటే భయపెట్టాలి, లేకపోతే వెక్కిరింపుకు దొరకాలి. మధ్యలో మనిషిగా మాట్లాడే దారి లేదు.

ఆ దారి టీవీలో, అదీ వార్తల చానల్లో తెరుచుకుంది. వీ6లో తీన్మార్ వార్తలు. ఒకవైపు మన రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం పామెన నుంచి వచ్చిన రవికుమార్, అదే మన బిత్తిరి సత్తి. మరోవైపు సావిత్రి పేరుతో శివజ్యోతి. ఆ జంటను గుర్తు తెచ్చుకోండి. తెలివితక్కువ ప్రశ్నలేసి నవ్వులపాలయ్యేది మగవాడు. కసిరి, సముదాయించి, అసలు విషయం చెప్పేది ఆడమనిషి. జబర్దస్త్ రాజ్యమేలుతున్న రోజుల్లోనే ఇది జరిగింది. ఆమె ఎవరి మాటా పడలేదు, మన ఇళ్లలో అక్కలు మాట్లాడినట్టే మాట్లాడింది. జనం రాత్రిళ్లు ఎదురుచూసి మరీ చూశారు. 2019లో బిగ్ బాస్ మూడో సీజన్‌కు వెళ్లేసరికి సొంత పేరుకన్నా సావిత్రి పేరే ముందు నడిచింది.

ఇక గంగవ్వ. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. చదువు అందలేదు. చిన్నతనంలోనే పెళ్లయింది. కూలికి పోయింది, బీడీలు చుట్టింది, పిల్లలను సాకింది. అదే ఊరి శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మై విలేజ్ షో పేరుతో పల్లె ముచ్చట్లను యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. వరసకు ఆయన ఆమెకు అల్లుడు. చిన్న చిన్న వేషాలతో కెమెరా ముందుకొచ్చిన గంగవ్వ కొన్నేళ్లకే ఆ షోకు ముఖమైంది. అప్పటికే వయసు యాభై దాటింది. మామూలుగా ఆడనటిని అత్త వేషంలోకి, ఆ తర్వాత ఇంటికీ పంపించే వయసది.

ఆమె బలం ఎక్కడుందో సరిగ్గా చూడాలి. కాగితం మీద రాసింది చదివి అప్పజెప్పే పద్ధతి ఆమెతో నడవదు. సంగతి ఏమిటో చెప్తే తన మాటల్లో తను అంటుంది. అందువల్ల పంచ్ వేసేవాడి చేతిలో ఆమె బొమ్మ కాలేదు. చదువు రాకపోవడం ఆమెకు జరిగిన అన్యాయం. దాన్ని అందమైన కథగా చెప్పే పని నేను చేయను. ఆ అన్యాయం లోంచి కూడా ఆమె తన మాటను తనదిగా నిలుపుకుంది. ఆమె తిట్టులో ప్రేమ ఉంటుంది, బెదిరింపులో కొంటెతనం ఉంటుంది. తిట్టు తిన్నవాడు కూడా నవ్వుతాడు. సినిమా తారలు ప్రచారం కోసం ఆమె పక్కన కూర్చునే రోజు వచ్చింది. 2019లోనే మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ రెండింట్లో కనిపించింది.

2020 సెప్టెంబరులో బిగ్ బాస్ నాలుగో సీజన్‌లోకి వెళ్లింది. సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆశను ఆమె దాచుకోలేదు. నగరపు పడుచు పిల్లల మధ్య పల్లె అవ్వను పెట్టి జనం తమాషా చూస్తారేమోనని అప్పట్లో నాకు గుబులుగానే ఉండింది. ఆ గుబులు పూర్తిగా తప్పూ కాదు. పల్లె ముసలామె మాటను ముద్దుచేస్తూనే చిన్నచూపు చూసే జబ్బు మన పట్నాలకు ఉంది. అయితే ఆ ఇంట్లో పెద్దరికం ఆమెదే అయింది. ఒళ్లు సహకరించకపోతే పంపించండని అడిగి, అక్టోబరులో నడిచి బయటికొచ్చింది. ఊళ్లో ఇల్లు కట్టుకుంది. 2024 అక్టోబరులో ఎనిమిదో సీజన్‌కు వైల్డ్ కార్డుతో మళ్లీ వెళ్లింది.

అదే రోజు అదే వైల్డ్ కార్డు దారిలో రోహిణి కూడా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఆమెది సీరియళ్ల నుంచి కామెడీ స్కిట్ల దాకా నడిచిన బాట. స్కిట్‌లో లావు మీద వేసే జోకును నవ్వుతూ మింగడం అక్కడ ఉద్యోగ ధర్మం లాంటిది. మింగకపోతే వచ్చే వారం పాత్ర ఉండదు. 2023లో సేవ్ ది టైగర్స్ వెబ్ సిరీస్‌లో పనిమనిషి పాత్ర వచ్చినప్పుడు ఆమె ఏం చేయగలదో అందరికీ తెలిసింది. నటి అదే మనిషి, ఒళ్లు అదే ఒళ్లు. రాత మారింది, అంతే.

నా వాదన ఇక్కడికే వస్తుంది. టీవీలో నవ్వించే ఆడవాళ్లు పెరిగారని సంబరపడితే సరిపోదు. ఆ నవ్వు రాసేది ఎవరు, ఈ మాట నేను అననని చెప్పే హక్కు ఆమెకు ఉందా అని అడగాలి. అమెరికాలో లూసిల్ బాల్ 1951 నుంచి 1957 దాకా ఐ లవ్ లూసీతో దేశాన్ని నవ్వించింది. తెరమీద అమాయకపు ఇల్లాలు, బయట భర్తతో కలిసి డెసిలు స్టూడియో యజమాని. 1962లో భర్త వాటా కూడా కొనేసి ఆ స్టూడియోను తనే నడిపింది. వేషం ఎంత వెర్రిదైనా కలం, గల్లాపెట్టె తన వైపు ఉంటే మర్యాద పోదు. మన నటీమణుల్లో ఎంతమందికి ఆ రెండింట్లో ఒక్కటైనా దక్కింది?

జనం చూస్తున్నారు కాబట్టి తీస్తున్నాం అంటారు చానళ్లవాళ్లు. జనం సావిత్రిని కూడా చూశారు, గంగవ్వను కూడా చూశారు. రేటింగ్ పేరు చెప్పి జనం మీద నెపం వేయడం ఇక చాలు. స్కిట్ అయిపోయాక రచయిత పేరు కనపడేలా వేయండి. రాసే గదిలో ఆడవాళ్లను కూర్చోబెట్టండి, స్కిట్‌కు ఇంత అని డబ్బులివ్వండి. ఖర్చు పెద్దగా పెరగదు, జోకుల స్థాయి మాత్రం తప్పక పెరుగుతుంది.

ప్రభుత్వానికీ ఒక మాట. 2024 ఆగస్టు 1న మా మండలంలోని మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. పరిశ్రమలకు పనికొచ్చే విద్యలు నేర్పుతామన్నారు. రామోజీ ఫిలిం సిటీ ఉన్న జిల్లాలో టీవీ కూడా పరిశ్రమే కదా! కెమెరా, ఎడిటింగ్‌తో పాటు స్కిట్ రాయడం, సీరియల్ రాయడం నేర్పే కోర్సు ఒకటి పెట్టాలి. అందులో సగం సీట్లు ఆడపిల్లలకు ఇవ్వాలి. పదో తరగతి తప్పినా, మాట మీద పట్టుంటే చేర్చుకోవాలి. గంగవ్వకు ఆ అర్హత కూడా లేదని గుర్తుంచుకుని నిబంధనలు రాయాలి.